నెలకోసారి అలిగే కత్తి

పోయిన నెల సూరత్ డిండోలిలో మా అన్న రాజేశం ఇంటికి వెళ్ళాను. వదినెకు మోకాళ్ళ నొప్పులు ముదిరాయంటే చూసి రావాలని. చాయ్ తాగిన గ్లాసు కడుగుదామని వెనక వరండాలోకి వెళితే అక్కడ బట్టలుతికే మెషీన్ తిరుగుతోంది. దాని మూడు కాళ్ళు నేల మీద ఉన్నాయి, నాలుగో కాలు ఒక నల్లటి రాయి మీద ఉంది. జానెడు పొడవు, నాలుగు వేళ్ళ వెడల్పు, ఒక మూల చిన్న పెచ్చు ఊడి ఉంది. ఆ పెచ్చు చూడగానే గుర్తుపట్టాను. ఒకప్పుడు మా అన్న కోపం ఆపుకోలేక రాయిని గచ్చు మీద విసిరికొడితే ఊడిన పెచ్చు అది. మా బాపు గడ్డం కత్తులు నూరిన సానరాయి ఇప్పుడు సబ్బునీళ్ళలో తడుస్తూ మెషీన్ కాలు మోస్తోంది.

"వదినె, ఈ రాయి ఏడిది?" అన్నాను, తెలియనట్టు.

"ఏమో భాగ్యా, మీ అన్న పాత పెట్టెల దొరికింది. గీ వరండా నేల ఒక దిక్కుకు వాలింది గదా, మెషీన్ దడదడ ఊగుతుండె. ఇటుక పెట్టినం, అట్ట మడిచి పెట్టినం, ఆగలే. గింత సాపు రాయి ఇల్లంత దేవులాడినా ఇంకోటి లేదు. ఇది పెట్టినంక జర గూడ కదుల్తలేదు సూడు" అంది వదినె మెచ్చుకోలుగా.

సాపుగా ఉందట. ఎందుకుండదు? రాళ్ళు వాటంతట అవి సాపుగా ఉండవు. కత్తి నూరిన రాయి నడుమ గుంత పడుతుంది, గుంత పడిన రాయి మీద నూరిన కత్తి అంచు వంకరపోతుంది. అందుకని వారం వారం తాపీ నది ఇసుకను సన్నగా జల్లించి, తడిపి, గచ్చు మీద పరిచి, దాని మీద ఆ రాయిని బోర్లించి అరచేతుల తోలు లేచేదాకా రుద్దాలి. అలా రుద్దింది నేను. ఆ సాపు నా చిన్నతనం. దాని మీద నిలబడి వాళ్ళ మెషీన్ దుప్పట్లు పిండుతోంది.

మా బాపు పేరు మల్లేశం. సిరిసిల్ల వైపు పల్లెల నుంచి నేతపనివాళ్ళు సూరత్‌లో సాంచాలు నడపడానికి వస్తుంటే, వాళ్ళ గడ్డాల వెనకే మా బాపూ వచ్చాడు. మరమగ్గాలను మావాళ్ళు సాంచాలంటారు. "ఊరోళ్ళు ఏడుంటే మనం ఆడ. బువ్వ లేని ఊరుంటదేమో గని గడ్డం పెరగని ఊరుండది" అనేవాడు. డిండోలిలో రెండు సాంచాల కార్ఖానాల నడుమ ఇరికిన సందులో ఆయన దుకాణం. ఒక చెక్క కుర్చీ, అంచులు మచ్చలు పడ్డ అద్దం, గోడకు మేకు కొట్టి వేలాడదీసిన తోలు పట్టీ. ఆ తోలు పట్టీని చమోటా అనేవాళ్ళు, ఇంట్లోనూ ఒకటి ఉండేది. రాత్రి పాళీ దిగిన మనుషులు కనుబొమ్మల నిండా దారం నలకలతో, చేతులకు గ్రీజు మరకలతో వచ్చి వరసగా కూర్చునేవాళ్ళు. కుర్చీలో వాలిన మనిషి నురగ పెట్టేలోపే నిద్రపోయేవాడు. నిద్రపోయిన మనిషి గొంతు మీద కత్తి నడపాలి. కత్తి పదును మీద ఆ మనిషికి ఎంత నమ్మకం ఉండాలో ఆలోచించండి.

మా ఇల్లు ఆ సందుకు వెనక, ఒకటే గది. దేవుడి గూటి కింద బాపు పొది ఉండేది. పొది అంటే మా కులపువాళ్ళు కత్తులు, కత్తెరలు, పటిక ముక్క పెట్టుకునే తోలు సంచి. తడిసిన తోలు వాసన, పటిక వాసన, కొబ్బరినూనె వాసన కలిసిపోయి ఇల్లంతా అదే వాసన. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. మా అవ్వ, అంటే మా అమ్మ, పొద్దున్నే బొగ్గుల పొయ్యి ముట్టించి, గడప దగ్గర నీళ్ళు చల్లి, ఇంట్లో ఏ పని మొదలుపెట్టినా ఆ పొదిని మాత్రం దాటుకుంటూ పోయేది. ఒక్కసారి కూడా తాకడం చూడలేదు. ఊళ్ళో ఉన్నప్పుడు అవ్వ మంత్రసాని. ఎందరు బిడ్డల బొడ్డు కోసిందో లెక్కలేదు. కోసింది ఆ కత్తితోనే. కానీ కానుపు ఇల్లు దాటి బయటికొస్తే ఆడది ఆ పొది ముట్టకూడదు. ముడితే పదును పోతుంది, పదును పోతే అన్నం పోతుంది. అదీ మా శాస్త్రం.

కత్తి నూరడం కంటి పని అనుకుంటారు చూసేవాళ్ళు. చేతి పని అనుకుంటారు ఇంకొందరు. అది చెవి పని. మొద్దుబారిన కత్తిని నీళ్ళు చల్లిన రాయి మీద పెట్టి లాగితే గరగరమంటుంది. లాగుతూ ఉంటే ఆ గరగర సన్నబడుతుంది. సన్నబడి సన్నబడి, చివరికి ఎవరో పక్కగదిలో పట్టుచీర మడత పెడుతున్నంత మెత్తగా వినిపిస్తుంది. అక్కడ ఆపాలి. అత్యాశకు పోయి ఇంకా లాగితే అంచు పొరలాగా లేచి ఒక పక్కకు వంగిపోతుంది, ఆ కత్తి గడ్డం తీయదు, చెంప తీస్తుంది. మా బాపుకు ఆ మెత్తటి చప్పుడు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. అయితే ఏం లాభం? రెండు పక్కలా సాంచాలు పగలూ రాత్రీ కొట్టుకుంటుంటే కొన్నేళ్ళకు ఆయన చెవులు పోయాయి. ముందు సన్న చప్పుళ్ళు పోయాయి, తర్వాత మాటలు పోయాయి. సాంచాలు నడిపేవాళ్ళకు చెవుడు వస్తే అయ్యో అన్నారు, సాంచాల పక్కన గడ్డాలు గీసేవాడికి వస్తే ఎవరూ పట్టించుకోలేదు.

అప్పటినుంచి కత్తులు చెడిపోవడం మొదలైంది. బాపు రాయి మీద లాగుతూనే ఉండేవాడు. ఆపాల్సిన చోటు దాటిపోయేది. దుకాణంలో జనం చెంపలు రుద్దుకుంటూ లేచేవాళ్ళు. ఇనుము మంచిది కాదని, నీళ్ళలో ఉప్పు ఉందని బాపు తిట్టుకునేవాడు. చివరికి మా అన్నను కూర్చోబెట్టి నేర్పాడు. అన్నకు అప్పుడు మీసాలు మొలుస్తున్నాయి, నేను వాడికంటే రెండేళ్ళు చిన్న. వాడికి చెవులు బాగానే ఉన్నాయి కానీ ఓపిక లేదు. రాయి మీద కత్తిని ఇల్లు ఊడ్చినట్టు లాగేవాడు. చెడిపోతే రాయిని తిట్టేవాడు. అలా ఒకరోజు విసిరికొట్టినప్పుడే ఆ మూల పెచ్చు ఊడింది.

నేను మూలన కూర్చుని బియ్యం ఏరుతున్నాను ఒక పొద్దున. వెనక అన్న నూరుతున్న చప్పుడు వింటూనే ఉన్నాను. రోజూ వినేదే కదా. గరగర పోయి మెత్తబడింది. "అన్నా, ఆపు. వచ్చింది" అన్నాను తల ఎత్తకుండానే. వాడు ఆపలేదు. "నీకేం తెల్వదు, మూసుకో" అన్నాడు. ఆ రోజు కత్తి చెడింది. మర్నాడు మళ్ళీ అదే చోట ఆపమన్నాను, మళ్ళీ వాడు ఆపలేదు, మళ్ళీ చెడింది. బాపుకు నా మాట వినపడకపోయినా నా పెదవులు కదలడం కనపడింది. దగ్గరికి పిలిచి, "ఏమంటున్నవే?" అన్నాడు. చెప్పాను. ఆయన లేచి, అన్న చేతిలోంచి కత్తి తీసుకుని నాకిచ్చాడు.

అవ్వ పొయ్యి దగ్గరనుంచి లేచి వచ్చింది. "ఆడివిల్ల ముట్టితే పదును పోతదంటివి గదా?" అంది, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అరిచినట్టు.

"ఎవ్వలకు చెప్పకు" అన్నాడు బాపు.

"నేనేం అడిగిన, నువ్వేం చెప్పవడ్తివి?" అంది అవ్వ. ఆయనకు ఆ మాట వినపడలేదు.

నేర్పడం మొదలుపెడితే బాపు అంత మంచి గురువు లేడు. అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. చెడ్డవాడైనా బాగుండేది. నా వేళ్ళను ఆయన వేళ్ళతో పట్టి కత్తి వీపూ అంచూ రెండూ ఒకేసారి రాయిని తాకేలా పడుకోబెట్టేవాడు. "లేపకు బిడ్డా. లేపితే అంచు మందమైతది. పసిపిల్లను పండవెట్టినట్టు పండవెట్టు." పక్క మార్చేటప్పుడు కత్తిని ఎప్పుడూ వీపు మీద తిప్పాలి, అంచు మీద తిప్పకూడదు. రాయి మీద నడిచేటప్పుడు అంచు ముందుండాలి, చమోటా మీద నడిచేటప్పుడు వీపు ముందుండాలి. "రాయి మీద నోరు ముందట, తోలు మీద వీపు ముందట. మరిస్తివా, తోలు తెగుతది." నేను ఎప్పుడూ మరవలేదు. తోలు మీద ఎంత మెల్లగా లాగినా ఒక చప్పుడుండేది, కొత్త నోటును వేళ్ళ మధ్య లాగినట్టు. అది వినపడ్డాక ముంజేతి మీద వెంట్రుకలకు ఆనించి చూడాలి. చర్మం తగలకుండా వెంట్రుక రాలితే కత్తి తయారు.

ముంజేతి సంగతే ప్రాణం మీదికి వచ్చింది. రోజూ పరీక్ష చేసి చేసి నా ఎడమ చేతి మీద రూపాయి బిళ్ళంత మేర నున్నగా అయిపోయింది. బడిలో ఆడపిల్లలు ఏదో రోగమని దూరం జరిగారు. అవ్వ నాకు పొడుగు చేతుల జాకెట్లు కుట్టించింది. సూరత్ ఎండల్లో, గాలి ఆడని ఆ గదిలో, మణికట్టుదాకా గుడ్డ. ఎందుకని ఎవరైనా అడిగితే పిల్లకు ఎండ పడదని చెప్పేది. దాచుకోవాల్సిన తప్పు నేనేం చేశానని?

కత్తులు మళ్ళీ పేరు తెచ్చుకున్నాయి. తెల్లారకముందే లేచి, దుకాణం తెరిచే లోపల నేను నూరి, తోలు మీద లాగి, పొదిలో సర్దేదాన్ని. దుకాణంలో బాపు వాటిని తీసి, గిరాకీ చూస్తుండగా చమోటా మీద రెండుసార్లు లాగి, అరచేతి మీద టప్ టప్ మని అటూ ఇటూ కొట్టేవాడు. అది ఒట్టి ఆట. కానీ జనం చూసేది ఆ అరచేతినే. "మల్లన్న అరచేతుల్నే ఉన్నది మాయ" అనుకునేవాళ్ళు. పెళ్ళికొడుకులు వేరే పేటల నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. సొమ్మొకడిది, సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు.

నెలలో మూడు రోజులు మాత్రం నేను కత్తి ముట్టకూడదు. ఈ నియమం పెట్టింది కూడా బాపే. నా చెయ్యి లేకుండా దుకాణం నడవదని తెలిసిన మనిషే ఆ మూడు రోజులు నన్ను గది బయట వసారాలో కూర్చోబెట్టి, రాయిని మా అన్నకిచ్చేవాడు. నేను బయట కూర్చుని వినేదాన్ని. మెత్తబడిన చోటు వచ్చేది, దాటిపోయేది. నోరు తెరిచి ఆపమంటే ముట్టుతో పొది మీద మాట వేశానని అన్న అరిచేవాడు. ఆ మూడు రోజులు దుకాణంలో గడ్డం చేయించుకున్న ప్రతివాడి చెంపా మండేది.

మా బాపుకు పాత గిరాకీ సత్తయ్య మామ అని ఉండేవాడు. సాంచాల మీద పని, నోరు మంచిది, మాట పెద్దది. నేను దుకాణానికి అన్నం డబ్బా పట్టుకెళ్ళిన ఒక మధ్యాహ్నం ఆయన కుర్చీలోంచి లేచి, గవదకు పటిక రాసుకుంటూ, బాపుకు వినపడేలా గట్టిగా అన్నాడు: "ఏందే మల్లన్నా, నీ కత్తి నెలకోపారి అలుగుతది? ఇరవై ఏడు దినాలు అత్తగారి లెక్క మర్యాద చేస్తది, ఇగ మూడొద్దులు సవితి లెక్క గీకుతది!" కూర్చున్నవాళ్ళంతా పడీ పడీ నవ్వారు. ఎవరో అమాస అన్నారు, ఎవరో గ్రహబలం అన్నారు. సత్తయ్య మామ, తనకు పక్కాగా తెలుసునని, శనివారంనాడు నూరిన కత్తి అలా చేస్తుందని తేల్చాడు. బాపు కూడా నవ్వాడు. నన్ను చూశాడు, చూసి కూడా నవ్వాడు. అప్పటినుంచి అది ఆ సందులో సామెతే అయిపోయింది. గిరాకీలు కుర్చీ ఎక్కేముందు "ఇయ్యాల అలిగిందా, అలగలేదా?" అని అడిగేవాళ్ళు.

ఇంటికెళ్ళి అవ్వకు చెప్పాను. అవ్వ కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నవ్వి నవ్వి ఆగి, "మొగోళ్ళ మొకాలు మండుతె గ్రహాలను అడుగుతరు గని ఇంట్ల ఆడిదాన్ని అడుగరు" అంది. నాకు నవ్వు రాలేదు. మూడు రోజులు నేను లేకపోతే సందంతా మండిపోతోంది, మిగిలిన రోజులు నేనున్నానని ఒక్కడికీ తెలియదు. తెలియాలని ఉండేది నాకు. డబ్బు వద్దు, కుర్చీ వద్దు. ఇది భాగ్య చెయ్యి అని బాపు నోటితో ఒక్కసారి, నలుగురిలో అనాలి. ఆ వయసులో నా కోరికంతా అదే. మిగతా ఆడపిల్లలు పట్టీలు కోరుకుంటుంటే నేను ఒక మాట కోరుకున్నాను. పట్టీలే చవక.

ఆ మాటకు సమయం వచ్చిందనుకున్నాను ఒక దసరాకు. డిండోలి తెలుగువాళ్ళంతా మైదానంలో షామియానా వేసి కలుసుకునేవాళ్ళు. పనిముట్లకు పూజలయ్యాక పెద్దవాళ్ళకు శాలువాలు కప్పడం. ఆ ఏడు మా బాపును పిలిచారు. ముందు వరసలో పక్క పేట భేస్తాన్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి కూర్చుని ఉన్నాడు, మా అన్నకు పిల్లనివ్వాలని చూస్తున్నాడు. ఆడవాళ్ళ వైపు అవ్వ, నేను నిలబడ్డాం. సత్తయ్య మామ శాలువా కప్పి, బాపు చెవిలో అరిచాడు: "సూరత్ల తిరగని దుకాన్ లేదు మల్లన్నా. గీ పదును ఏడ సూడలే. ఏం మంత్రముందే, జర మాకూ చెప్పు!"

బాపు శాలువా సర్దుకున్నాడు. ఆడవాళ్ళ వైపు చూశాడు. నన్ను చూశాడనే నేను ఒట్టేసి చెప్తాను. తర్వాత ముందు వరస వైపు తిరిగాడు. "మంత్రమేం లేదు సత్తన్నా. నా కొడుకు చెయ్యి. నూరేటోడు వాడే" అన్నాడు.

చప్పట్లు కొట్టారు. అన్న తల వంచుకుని సిగ్గుపడ్డాడు. ఆ సిగ్గు ఎంత నిజంగా ఉందో! అవ్వ నా ఎడమ చెయ్యి పట్టుకుంది. జాకెట్ చెయ్యి పైకి జరిగి ఆ నున్నటి మచ్చ బయటపడినట్టుంది, దాని మీద బొటనవేలు పెట్టి కప్పేసింది. సంబంధం ఆ సాయంత్రమే ఖాయమైంది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఉన్న మా వదినె అలా మా ఇంటికి వచ్చింది.

ఇంటికి వచ్చాక బాపు ఎదురుగా నిలబడి, పెదవులు స్పష్టంగా కదిలిస్తూ అడిగాను. "నా పేరు చెప్పకపోతివేందే బాపూ?"

"ఆఁ?" అన్నాడు చెవికి చెయ్యి అడ్డం పెట్టి.

మళ్ళీ అడిగాను. "సాంచాల చెవుడు బిడ్డా, ఇనవడ్తలేదు" అని పొది అందుకున్నాడు. నా పెదవుల మీద మాట చదివి నన్ను పనికి పెట్టుకున్న మనిషి. చెవుడు కూడా ఒక వసతే. అంతకంటే గట్టిగా అడగడం నాకు చేతకాలేదు. మర్నాడు తెల్లవారి మళ్ళీ లేచి నూరాను. నూరకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. అది వాళ్ళకు తెలుసు, అందుకే వాళ్ళకు ధైర్యం.

నాకు సూరత్ అవతలి కొసన ఇచ్ఛాపూర్ సంబంధం కుదిరింది. మా ఆయన అక్కడి ఫ్యాక్టరీలో గుమాస్తా, ప్లాస్టిక్ డబ్బాలో వచ్చే రేజర్‌తో తన గడ్డం తానే గీసుకునేవాడు. నేను వెళ్ళిపోయాక డిండోలిలో కత్తి నెలంతా అలగడం మొదలుపెట్టింది. గిరాకీ పలచబడింది. మా అవ్వ చెప్పి పంపేది, నువ్వొచ్చి నాలుగు రోజులుండి పొమ్మని. వచ్చినప్పుడల్లా పుట్టింటి పసుపు కుంకుమలకంటే ముందు రాయి ఎదురొచ్చేది. ఆ తర్వాత ఒకరికి వాడిన కత్తి ఇంకొకరికి వాడితే జబ్బులు వస్తాయని ఊరంతా భయం పట్టుకుంది. సగం బ్లేడు ఇరికించి, వాడాక ఆ బ్లేడు పారేసే ఉస్తరా కత్తులు వచ్చాయి. పాతకాలపు మంగళ్ళందరూ తిట్టుకుంటూ వాటికి మారారు. మా బాపు ఒక్కడే సంతోషంగా మారాడు. "కాలం మారింది" అన్నాడు ఊపిరి పీల్చుకుని. కాలం మారడం వల్ల ఆయన పరువు దక్కింది. నూరే చెయ్యి ఎవరిదని ఇక ఎవరూ అడగరు.

బాపు మంచం పట్టాక నేను ఇచ్ఛాపూర్ నుంచి వచ్చి కొన్నాళ్ళు డిండోలిలో ఉన్నాను. అవ్వ అప్పటికే పోయింది. ఒక పగటిపూట సత్తయ్య మామ చూడ్డానికి వచ్చాడు, ఆయనా కర్ర పట్టుకుని. బాపు గడ్డం పట్టుకుని, ఇంత పెరిగిందేమిటని ఆట పట్టించాడు. బాపు నా వైపు చూసి వేలు చూపించాడు. "భాగ్యా, పాత కత్తి తియ్యి."

తీశాను. రాయి తీశాను. ఇన్నేళ్ళ తర్వాత నీళ్ళు చల్లి కూర్చున్నాను. ఆయనకు అప్పటికి చెవులు పూర్తిగా లేవు. మంచం మీదనుంచి చెయ్యి కిందికి జార్చి రాయి అంచు మీద వేళ్ళు పెట్టాడు. నేను నూరుతుంటే ఆయన వేళ్ళతో విన్నాడు. గరగర పోయి మెత్తబడింది. నేను ఆపేలోపే, సరిగ్గా అదే క్షణంలో, ఆయన తల ఊపాడు. మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. తోలు మీద లాగాను. ముంజేతి మీద చూశాను, వెంట్రుక రాలింది. ఇప్పుడైనా, సత్తయ్య మామ ఎదురుగా కూర్చుని ఉన్నాడు, ఇప్పుడైనా అంటాడనుకున్నాను. నురగ పెట్టిన చెంప దగ్గరికి కత్తి తీసుకెళ్ళాను.

ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు. "అన్నకియ్యి" అన్నాడు.

అన్న వచ్చి గీశాడు. కత్తి అంత పదునుగా ఉంటే చేతకానివాడి చెయ్యి కూడా తప్పు చేయదు. బాపు చెంప నిమురుకున్నాడు, సత్తయ్య మామ వైపు తిరిగాడు. "సూసినవా సత్తన్నా? నా కొడుకు చెయ్యి" అన్నాడు. "మల్లన్న కత్తి ఇయ్యాల అలగలే!" అన్నాడు సత్తయ్య మామ. ముగ్గురూ నవ్వుకున్నారు. నేను రాయి కడిగి ఆరబెట్టాను. బాపు పోయాక అన్న ఆ కత్తిని అస్థికలతోపాటు తాపీలో వదిలాడు. తండ్రి వస్తువు తండ్రితోనే పోవాలన్నాడు. నన్ను అడగలేదు.

చనిపోయినవాళ్ళను క్షమించాలంటారు. ఎందుకు క్షమించాలో ఎవరూ చెప్పరు. మా బాపు నాకు నేర్పినంత ప్రేమగా ఎవరూ ఏదీ నేర్పలేదు, ఆయన దాచినంత పకడ్బందీగా ఎవరూ నన్ను దాచలేదు. రెండూ ఒకే చేతితో చేశాడు. ఇప్పుడు మా అన్న కొడుకు సెలూన్‌కు చల్లగాలి మెషీన్లు, గోడంత అద్దాలు. కుర్రాళ్ళు గడ్డం తీయించుకోవడానికి రారు, పెంచిన గడ్డానికి నూనె రాయించుకోవడానికి వస్తారు. అక్కడ గోడ మీద దండ వేసిన మా బాపు ఫోటో, పక్కన మా అన్న ఫోటో. ఆడపిల్లలు కూడా పని చేస్తున్నారు అక్కడ, కత్తెర పట్టుకుని, నలుగురి ఎదురుగా. వాళ్ళను చూస్తే సంతోషించాలి కదా. సంతోషం కంటే ముందు కడుపు మండుతుంది. అబద్ధం ఎందుకు చెప్పాలి?

ఆ రోజు వదినె నిద్రపోతుంటే, మెషీన్ ఆగాక, దాన్ని ఒక పక్కకు ఎత్తి రాయి లాక్కున్నాను. సంచిలో పెట్టుకుని ఇచ్ఛాపూర్ వచ్చేశాను. రెండోరోజు అన్న ఫోన్ చేశాడు.

"చెల్లె, ఆ రాయి తీస్కపోయినవా ఏంది? మెషీన్ మల్ల ఊగుతుంది. పొల్లగాన్ని పంపుత, ఇచ్చి పంపు."

"అన్నా, ఆ రాయి అంత సాపుగ ఎట్లున్నదో యాదికున్నదా?"

"ఎట్లంటే? బాపు ఉంచె, అటెన్క నేను ఉంచితి. ఇంకెవలుంచుతరు?"

"నేను నూరిన గదనే. నా లగ్గందాక అన్ని కత్తులు నేనే నూరిన."

అవతల నవ్వు. "నువ్వా? నువ్వు పలక పట్టుకొని బడికి పోతుంటివి. నీకు కత్తంటెనే భయం గదనే!"

మా అన్న అబద్ధమాడితే నాకు తెలుస్తుంది. గొంతు సన్నబడుతుంది, చిన్నప్పటినుంచీ అంతే. ఇన్నేళ్ళుగా గరగరకూ మెత్తటి చప్పుడుకూ తేడా పట్టిన చెవి నాది. ఆ నవ్వులో ఎక్కడా సన్నదనం లేదు. వాడు దాచడం లేదు. వాడికి నిజంగానే గుర్తు లేదు. నలుగురిలో ఒకసారి, మంచం మీద ఒకసారి బాపు చెప్పిన మాటే వాడికి నిజమై కూర్చుంది. నూరింది వాడే. బడికి పోయింది నేను. ఇక సాక్ష్యానికి బాపు లేడు, అవ్వ లేదు, సత్తయ్య మామ లేడు, కత్తి లేదు. నా ముంజేతి మీద వెంట్రుకలు ఎప్పుడో మొలిచి, ఎప్పుడో నెరిశాయి.

"రాయి ఇయ్యను" అన్నాను.

"గా రాయికెందుకే కొట్లాట!" అని ఫోన్ పెట్టేశాడు.

వారం తర్వాత ఉండబట్టలేక నేనే వదినెకు ఫోన్ చేశాను. మోకాళ్ళు అడిగాను, మనవలను అడిగాను. చివరికి మెషీన్ సంగతి అడిగాను.

"దానికేం రంది వెట్టుకోకు భాగ్యా" అంది వదినె. "ఈపారి జర మందపు అట్ట మడిచి పెట్టినం. ఏం ఊగుతలేదు, మంచిగనే నడుస్తుంది."